జీపు ముందు ఇరుసు కథ

కందెన లేని బండికి కావలసినంత సంగీతమని మన సామెత. ఎడ్లబండి ఇరుసునకు మనము చేయవలసిన సేవ ఆ కందెన యొక్కటియే. ఇరుసు తిరుగదు. దాని రెండు కొనలయందును చక్రములు దేని మట్టుకది తిరుగుచుండును. అవి జారిపోకుండ కడచీలలు కాచుచుండును. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును నడచును. ఒకదాని నడకతో రెండవదానికి పనిలేదు. లాగునవి ఎడ్లు గాని చక్రములు కావు గనుక ఇందు చిక్కు లేదు.

చక్రమే బండిని నడిపింపవలసి వచ్చినపుడు చిక్కులు మొదలైనవి. కొంతకాలము క్రిందట ఒక మిత్రుని పాత జీపును విప్పి మరల కట్టుచుండగా నేనును చేయి కలిపితిని. దాని ముందు ఇరుసును విప్పి భాగములను వరుసగా గోనెపై పరచినపుడు, అది ఒక యంత్రము వలె గాక నూరేండ్ల పైబడిన వాదోపవాదము వలె నాకు కనబడినది. అందు ప్రతి భాగమును ఒక ప్రశ్నకు సమాధానమే; ప్రతి సమాధానమును మరియొక ప్రశ్నకు కారణమే. ఆ వరుసను తెలిసికొన్నచో ఇరుసును కట్టుటయు తెలియును. ఆ కథయే ఈ వ్యాసము.

మలుపు తెచ్చిన చిక్కు

రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో కుడి ఎడమ చక్రముల నడుమ దూరము సుమారు 1.24 మీటర్లు. ఆ జీపును ఒక పూర్తి వలయము త్రిప్పితి మనుకొనుడు. వెలుపలి చక్రము నడచు వలయపు వ్యాసార్థము లోపలిదానికంటె 1.24 మీటర్లు ఎక్కువ. కావున వెలుపలి చక్రము 2 × 3.14 × 1.24, అనగా సుమారు 7.8 మీటర్లు ఎక్కువ నడువవలెను. వలయము చిన్నదైనను, మైదానమంత పెద్దదైనను ఈ తేడా మారదు. ఎందుకు మారదో విద్యార్థులు కాగితముపై వేసి చూచుకొనవచ్చును. జీపు చక్రపు చుట్టుకొలత ఇంచుమించు 2.2 మీటర్లు. అనగా ప్రతి వలయమునకు వెలుపలి చక్రము లోపలిదానికంటె మూడున్నర చుట్లు అధికముగ తిరుగవలెను. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో ఏదో యొక టైరు నేలపై రాసికొనిపోవును, లేదా కడ్డీయే మెలి తిరుగును.

ఈ చిక్కును విడదీసినవాడు ఒనెసిఫోర్ పెకర్ అను ఫ్రెంచి యంత్రకారుడు. ఆవిరితో నడచు బండికొరకు ఆయన 1828లో పేటెంటు పొందిన ఉపాయమే నేటి డిఫరెన్షియల్. ఇంజను నుండి వచ్చు షాఫ్టు చివరనున్న చిన్న పళ్ళచక్రము, పినియన్, ఒక పెద్ద పళ్ళచక్రమును త్రిప్పును. దీనిని క్రౌన్ వీల్ అందురు. క్రౌన్ వీల్‌తోపాటు తిరుగు పెట్టెలో చిన్న పళ్ళచక్రములు కొన్ని, కుడి ఎడమ ఇరుసుకడ్డీల చివరనున్న పళ్ళచక్రముల నడుమ ఇమిడియుండును. బండి తిన్నగా పోవునపుడు ఈ చిన్న చక్రములు తమ కుదురుపై తిరుగవు. మొత్తము పెట్టె ఒక్కముద్దగా తిరుగును. మలుపులో మాత్రము అవి తిరిగి, ఒక ప్రక్క తగ్గించిన చుట్లను రెండవ ప్రక్కకు చేర్చును. కుడి చుట్లు, ఎడమ చుట్లు కూడగా వచ్చినది ఎల్లప్పుడును క్రౌన్ వీల్ చుట్లకు రెండింతలు.

1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రముల మోటారు బండిలోను డిఫరెన్షియల్ కలదు. మోటారు బండికంటె ముందే పుట్టి, దానికొరకు కాచుకొనియున్న ఉపాయ మిది.

బురద తెచ్చిన చిక్కు

డిఫరెన్షియల్ గుణమే దాని దోషము కూడ. మన కావడిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బద్ద నడిమిని భుజముపై ఉంచినపుడు రెండు ప్రక్కల బరువు సమానముగ నుండవలెను. ఒక ప్రక్క కుండ తేలికయైనచో రెండవ ప్రక్క బరువును మోయుటకు వీలులేదు, బద్ద ఒరిగిపోవును. డిఫరెన్షియల్ లోని చిన్న పళ్ళచక్రము సరిగా కావడి బద్ద వంటిది. నడుమ త్రోసిన బలము రెండు కొనలకు సమానముగ పంచబడును. ఒక వెనుక చక్రము జారుడు బంకమట్టిలో పడి 30 కిలోల పట్టు మాత్రమే ఈయగలిగినచో, గట్టి నేలపై నున్న రెండవ చక్రమునకును 30 కిలోల బలమే చేరును. జారు చక్రము గిరగిర తిరుగుచుండును. మంచి చోటనున్న చక్రము కదలక చూచుచుండును. వర్షాకాలమున ఊరి బాటలో దిగబడిన కారును చూచినవారికి ఇది వింత కాదు.

దీనికి ఒక మార్గము ముందు చక్రములకు కూడ చలనము నిచ్చుట. అప్పుడు బండి కదలకుండ నిలువవలెనన్న ముందొక చక్రము, వెనుక నొక చక్రము రెండును జారవలెను. అంతేగాక, వెనుక చక్రములు మాత్రమే త్రోయునపుడు ముందు చక్రముల మీది బరువు పట్టునకు ఉపయోగపడదు. నాలుగును నడిపించినచో బండి బరువంతయు పట్టుగా మారును. ఇంగ్లండులో బ్రామా జోసెఫ్ డిప్లాక్ 1893లో నాలుగు చక్రములును నడచు ఆవిరి యంత్రమునకు పేటెంటు పొందెను. 1900 ప్రాంతమున ఆస్ట్రియాలో ఫెర్డినాండ్ పోర్షె షాఫ్టుల గొడవయే లేకుండ, చక్రముల నడిబొడ్డులందే విద్యుత్ మోటార్లు అమర్చెను. 1903లో హాలండు దేశపు స్పైకర్ సంస్థ నాలుగు చక్రములును నడచు పెట్రోలు కారును నిర్మించెను.

అయినను ఈ పద్ధతి వెంటనే వ్యాపింపలేదు. ముందు చక్రము చేయవలసిన పనులు రెండు: అది తిరుగవలెను, త్రోవ మలపవలెను. ఒక ప్రక్కకు వంగియున్న చక్రమునకు, తిన్నగనున్న కడ్డీనుండి చలనము నెట్లు చేర్చవలెను?

హుక్ కీలు, దాని లోపము

వంగిన షాఫ్టులను కలుపు కీలు అప్పటికే పాతది. 17వ శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేర దానిని హుక్ కీలు అందురు. ఇటలీ గణితవేత్త కార్డానో పేర కార్డాన్ కీలనియు అందురు. రెండు కవలు, వాటి నడుమ కూడిక గుర్తు ఆకారమున నొక ముక్క: ఇంతియే దాని నిర్మాణము. దీనిని మోటారు బండ్లకు తగినట్లు మలచి, అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 1903లో పేటెంటు పొందెను. గొలుసులకు మారుగా షాఫ్టులు వాడుకలోనికి వచ్చుటకు అది తోడ్పడెను.

కాని హుక్ కీలునకు ఒక లోపము కలదు. మొదటి షాఫ్టు సమవేగమున తిరిగినను రెండవది సమవేగమున తిరుగదు. నడుమ కోణము 30 డిగ్రీలు అయినచో, దాని కొసైను 0.866. మొదటిది నిమిషమునకు 100 చుట్ల చొప్పున తిరుగుచుండగా, రెండవదాని వేగము 86.6 మొదలు 115.5 వరకు పెరుగుచు తగ్గుచు నుండును. అదియు ఒక్కొక్క చుట్టులో రెండుమారులు. పూర్తిగా మలుపు తిప్పిన ముందు చక్రము ఈ విధముగ ఉలికిపడుచు తిరిగినచో, ఆ కుదుపు స్టీరింగు పట్టిన చేతులకు తెలియును. పళ్ళకును టైర్లకును తెలియును.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున క్లింటన్‌విల్ అను చిన్న ఊరిలో యంత్రముల బాగుచేయు అంగడి నడుపుచుండిన ఆటో జాకో, విలియం బెసర్డిచ్ అను బంధువులిరువురు 1908లో ముందు ఇరుసునకు పేటెంటు పొందిరి. వారు కీలును ఒక ఉక్కు గోళములో దాచిరి. ఆ గోళముపైననే చక్రము ప్రక్కలకు మళ్ళును. వారి ఉపాయము ఆధారముగ ఏర్పడిన ఎఫ్.డబ్ల్యు.డి. కంపెనీ లారీలును, 1913లో వెలువడిన జెఫరీ క్వాడ్ లారీలును మొదటి ప్రపంచ యుద్ధమున బురదబాటలలో వేలకొలది తిరిగినవి. ఆ బండ్ల వేగము చాల తక్కువ. గట్టి రబ్బరు టైర్ల కుదుపులో కీలు కుదుపు కలసిపోయెను. వేగము పెరిగిననాడు గాని హుక్ కీలు లోపము పెద్ద చిక్కుగా తోచలేదు.

సమవేగ కీలు

1920 దశకమున కొందరు దీనికి మూడు విధముల జవాబులు చెప్పిరి. అమెరికాలో కార్ల్ వైస్ గాడులలో తిరుగు గుండ్లతో ఒక కీలును కల్పించెను. ఫ్రాన్సులో పియెర్ ఫెనాయ్, జాన్ ఆల్బెర్ గ్రెగ్వార్ అనువారు ఒకదానిపై నొకటి జారు ముక్కలతో ట్రాక్టా కీలును 1926లో పేటెంటు చేసిరి. అమెరికాలో ఆల్ఫ్రెడ్ ర్జెప్పా గిన్నె వంటి భాగములో ఆరు ఉక్కు గుండ్లను ఒక పంజరమున నిలిపెను.

మూడింటి రూపములు వేరైనను సూత్ర మొక్కటియే. రెండు షాఫ్టులును తాకు చోట్లు, వాటి నడుమ కోణమును సరిగా రెండు సమభాగములు చేయు తలమునందే ఎల్లప్పుడు నుండవలెను. అద్దము ముందు నిలిచిన మనిషి, అతని ప్రతిబింబము ఎట్లు ఒకే లయలో కదలుదురో, ఆ తలమునకు ఇరుప్రక్కల షాఫ్టులును అట్లే ఒకే వేగమున తిరుగును. చూచుటకు తేలికయైన ఈ సూత్రమును ఉక్కులో చెక్కుట తేలిక కాదు. వంపు తిరిగిన గాడులను సూక్ష్మమైన కొలతలతో చెక్కుటకు ప్రత్యేక యంత్రములు కావలెను.

1940: జీపు

1940 జులైలో అమెరికా సైన్యము తేలికయైన నాలుగు చక్రముల నడకగల బండి కావలెనని 135 కంపెనీలకు వ్రాసెను. మొదటి నమూనాకు గడువు 49 దినములు. పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణమున చిక్కులలోనున్న బాంటమ్ అను చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్స్ట్ అను ఇంజనీరును పిలిపించెను. ఆయన కొలది దినములలో పటములు గీసెను. క్రొత్త ఇరుసులను మొదటినుండి కల్పించుటకు వ్యవధి లేదు. కావున స్టూడిబేకర్ ఛాంపియన్ కారు ఇరుసులను స్పైసర్ కంపెనీ మార్చి యిచ్చెను. బండి గడువులోనే, 1940 సెప్టెంబరు 23న, మేరీలాండులోని సైనిక కేంద్రమునకు చేరెను. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు పెద్ద ఎత్తున నిర్మించిన జీపులు యుద్ధము ముగియునప్పటికి ఆరు లక్షలకు పైబడెను.

ఇంత చిన్న ఇంజనుకు అంత శక్తి ఎక్కడిది? లెక్క చూడుడు. విల్లీస్ ఇంజను ఇచ్చు గరిష్ఠ టార్కు సుమారు 142 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 2.665, ట్రాన్స్‌ఫర్ కేసులోని తక్కువ గేరు 1.97, ఇరుసులోని పినియన్, క్రౌన్ వీల్ నిష్పత్తి 4.88. మూడింటిని గుణించిన 25.6. రాపిడిని విడిచినచో చక్రములయొద్ద టార్కు 3,635 న్యూటన్ మీటర్లు. చక్రపు వ్యాసార్థము 0.35 మీటరు కావున లాగుబలము 10,400 న్యూటన్లు, అనగా ఇంచుమించు 1,060 కిలోల బరువు. జీపు బరువు సుమారు 1,100 కిలోలు. దాదాపు తన బరువంత బలముతో అది తన్నుతాను లాగుకొనగలదు. అందుకు ప్రతిగా వేగము 25.6వ వంతునకు తగ్గును. ఉచితముగ వచ్చిన దేదియు లేదు.

ముందు ఇరుసునకు ప్రాణము సమవేగ కీలే. యుద్ధమునకు ముందు అట్టి కీళ్ళకు గిరాకీ స్వల్పము. ఇప్పుడు లక్షలు కావలసివచ్చెను. ఒక్క కర్మాగారమువలన అది అయ్యెడు పని కాదు. అందుచే ర్జెప్పా, బెండిక్స్-వైస్, ట్రాక్టా అను మూడు కీళ్ళను, స్పైసర్ కీలును కూడ జీపులో వాడిరి. ఒకే బండికి నాలుగు తెరగుల కీళ్ళు! నాలుగు చక్రములును మలుపు తిరుగు జీపులను కూడ కొన్నింటిని కట్టిచూచిరి. కాని వాటికి ఈ కీళ్ళు రెట్టింపు కావలెను. కొరత కాలమున అది పొసగలేదు.

జీపులో ఇంకొక చిక్కును పరిష్కరింపక డ్రైవరునకే విడిచిరి. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 2.03 మీటర్లు. వెనుక ఇరుసు నడిమి 6 మీటర్ల వ్యాసార్థముతో వలయము తిరిగినచో, పైథాగరస్ సిద్ధాంతము ననుసరించి ముందు ఇరుసు నడిమి 6.33 మీటర్ల వ్యాసార్థముతో తిరుగును. అనగా ఒక్క వలయములో ముందు చక్రములు 2.1 మీటర్లు, ఇంచుమించు ఒక పూర్తి చుట్టు, అధికముగ తిరుగవలెను. ముందు వెనుకల నడుమ డిఫరెన్షియల్ లేదు. ఇసుకలో, బురదలో చక్రము కొంచెము జారి సర్దుకొనును. తారురోడ్డుపై జారలేదు, షాఫ్టులు మెలిపడి బిగిసికొనును. అందుచే గట్టి రోడ్డుపై ముందు ఇరుసును విడదీయుటకు ఒక మీట నుంచిరి.

మన దేశమున

1945లో స్థాపితమై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అను పేరు పొందిన బొంబాయి సంస్థ విల్లీస్ జీపులను మన దేశమున కూర్చుట మొదలిడెను. ఆ వంశపు బండ్లు దశాబ్దముల తరబడి మన అడవిబాటలలో, ఏజన్సీ గ్రామములలో, ప్రభుత్వ కార్యాలయముల ముందు కనబడినవి. జీపు రూపున్నంత మాత్రమున నాలుగు చక్రములును నడచునని కాదు. ముందు ఇరుసు వట్టి దూలము మాత్రమైన బండ్లును చాల కలవు. ముందు చక్రముల వెనుకకు వంగి చూచి, నడుమ గుండ్రని ఉబ్బు, కొనలయందు గోళములు ఉన్నవో లేవో కనుగొనినచో ఏది ఎట్టిదో తెలియును.

విప్పి కట్టునపుడు

ఇప్పుడు గోనెపై పరచిన ఇరుసునొద్దకు పోదము.

మొదట క్రౌన్ వీల్, పినియన్. విల్లీస్ యుద్ధకాలపు జీపులో పినియన్‌కు 8 పళ్ళు, క్రౌన్ వీల్‌కు 39. ఈ రెండు సంఖ్యలకు 1 తప్ప సామాన్య భాజకము లేదు. కావున ఒకసారి కలిసిన రెండు పళ్ళు, పినియన్ 39 చుట్లు తిరిగినగాని మరల కలియవు. ప్రతి పన్నును ఎదుటి ప్రతి పంటితో రాయును. అరుగుదల అంతటను సమముగ పంచుకొనబడును. కర్మాగారమున రెండింటిని జతగా నూరి ఇత్తురు. అందుచే ఒక బండి పినియన్‌ను మరియొక బండి క్రౌన్ వీల్‌తో జత చేయరాదు. పళ్ళ నడుమ సందు సుమారు 0.15 మిల్లీమీటరు ఉండవలెను. షిమ్ములను పలుచని ఉక్కు బిళ్ళలను చేర్చుచు తీయుచు దానిని సరిచేయుదురు. పళ్ళకు నీలిరంగు పూసి త్రిప్పిచూచినచో, రంగు చెరిగిన మచ్చ పంటి నడుమ పడవలెను. మచ్చ అంచునకు జరిగినచో ఆ అంచే బరువంతయు మోయుచున్నదని అర్థము.

ఈ పళ్ళు ఒకదానిపై నొకటి దొర్లుటయే గాక నిలువునా జారును కూడ. మామూలు నూనె ఆ ఒత్తిడికి నిలువదు. గంధకపు సమ్మేళనములు కలిపిన నూనె వాడవలెను. వేడికి అవి ఉక్కుపై పలుచని పొరగా ఏర్పడి పళ్ళను కాపాడును. కాని అదే గంధకము పాత గేరుపెట్టెలలోని కంచు భాగములను తినివేయవచ్చును. ఇరుసునకు మందైనది గేరుపెట్టెకు విషము కావచ్చును.

తరువాత కొనలయందలి గోళములు. జాకో, బెసర్డిచ్‌ల నాటి ఉపాయమే ఇక్కడ నిలిచియున్నది. గోళము చుట్టు ఒక ఉన్ని కట్టు మట్టిని ఆపును. అది చిరిగినచో వాగులు దాటునపుడు నీరు లోనికి పోయి, లోపలి సమవేగ కీలు గాడులు తుప్పుపట్టి గుంటలు పడును. మేము విప్పిన ఇరుసులో కట్టు వెల కొంచెమే. చెడిన కీలు వెల మాత్రము ఇరుసు వెలలో సగము.

చివరకు నేను చేసిన తప్పు. షాఫ్టును కందెన వేయుటకై రెండుగా విప్పి, మరల నేనే చొప్పించితిని. బండి గంటకు 55 కిలోమీటర్ల వేగమునకు వచ్చుసరికి నేల అదరినట్లు వణకెను. చక్రములను సరిచూచితిమి, బేరింగులను మార్చితిమి, ఫలము లేదు. రెండు దినముల పిదప బండి క్రిందికి దూరిన మేస్త్రీ, “బాణం గుర్తులు ఎదురెదురుగా లేవండీ మాస్టారూ” అనెను. అంతే.

షాఫ్టు రెండు కొనలయందును హుక్ కీళ్ళు కలవు. కోణములు సమానమై, షాఫ్టుపైనున్న రెండు కవలును ఒకే తలమున నున్నచో, మొదటి కీలు చేసిన హెచ్చుతగ్గులను రెండవది రద్దు చేయును. నేను వాటిని 90 డిగ్రీలు తప్పించి చొప్పించితిని. రద్దు కావలసినవి కూడుకొనెను. కోణము 10 డిగ్రీలైనచో, షాఫ్టు 2,000 చుట్ల వేగమున తిరుగునపుడు ఇరుసునకు చేరు వేగము 1,940 నుండి 2,062 వరకు ఊగును. నిమిషమునకు 4,000 మారులు. ఈ సూత్రమును నేను తరగతిలో ఏటేట నల్లబల్లపై వ్రాయుచున్నవాడను. మేస్త్రీ సూత్రము నెరుగడు. బాణపు గుర్తు నెరుగును. ఆ గుర్తు వెట్టిన ఇంజనీరు రెండును ఎరిగియుండెను.

ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని తేలికగా చూపవచ్చును. వెనుక చక్రములు నడచు ఏ పాత బండినైనను సమతలముపై నిలిపి, ఇంజను ఆపి, ముందు చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, వెనుక ఇరుసును జాకీతో ఎత్తి, గట్టి ఆధారములపై నిలుపుడు. జాకీని మాత్రమే నమ్మరాదు. బండి క్రిందికి ఎవరును పోరాదు. గేరులో నుంచి ఒక చక్రమును చేతితో త్రిప్పినచో రెండవది ఎదురు దిక్కున తిరుగును. క్రౌన్ వీల్ కదలలేదు గనుక రెండింటి చుట్ల మొత్తము సున్న. తరువాత గేరు తీసి, ఒక విద్యార్థి ఒక చక్రమును పట్టియుండగా మరియొకరు రెండవదానిని త్రిప్పవలెను. దాని రెండు చుట్లకు క్రింది షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగినదో దూరమునుండి లెక్కించినచో ఆ బండి ఇరుసు నిష్పత్తి తెలియును. మూత విప్పకయే లోపలి పళ్ళ లెక్క చేతికి వచ్చును.

యుద్ధకాలమున కొరతయైన సమవేగ కీలు నేడు మన వీధులలోని చిన్న కార్లలో చాలవాటి ముందు చక్రములయొద్ద నిశ్శబ్దముగ తిరుగుచున్నది. 1983లో వచ్చిన మారుతి 800 కూడ ముందు చక్రములతో నడచినదే. మలుపు పూర్తిగా త్రిప్పునపుడు అట్టి కారు ముందునుండి టకటక ధ్వని వినవచ్చినచో, ఎక్కడనో రబ్బరు తొడుగు చినిగి, కందెన కారి, గుండ్లు అరుగుచున్నవని అనుమానింపవచ్చును. ఎడ్లబండినాటి సామెత ఇంకను చెల్లుచునే యున్నది. సంగీతము మాత్రము మారినది.